గోడ మీది పొద్దు

మా ముత్తాత కార్వేటినగరం సంస్థానంలో పొద్దు చూసే అధికారి. మా మిద్దె మీద నాటిన ఇనుపకమ్మీ నీడ చూసి ఆయన సైగ చేస్తే కోటలో గంట కొట్టేవారు. మా తాత కాలానికి ఆ గంట లేదు. అయినా పెళ్లి ముహూర్తం కావాలంటే ఊరివాళ్లు మా గడపకే వచ్చేవారు.

మకర సంక్రమణం నాటి మధ్యాహ్నపు నీడ ఎంతవరకు పడుతుందో అక్కడ ముత్తాత రాతిలో గీత చెక్కించారు. ఏడాదిలో అంతకన్నా పొడుగు నీడ ఉండదని మా ఇంటి మాట.

సంక్రమణం నాడు సూర్యుడు నడిచే దారినంతా ఒకే ఫొటోలోకి తేవాలని నాకు పిచ్చి పట్టింది. కెమెరాను కదలకుండా నిలిపి, ముందు నల్ల అద్దం బిగించి, పది నిమిషాలకొకటి తీసి అన్నిటినీ కలపాలి. దానికి దక్షిణపు ఆకాశం తెరిపిగా ఉండాలి. అటుపక్క కొత్త ఇంటి స్లాబు అప్పటికే మా మిద్దె ఎత్తుకు వచ్చింది.

చిత్తూరులో సైన్సు టీచరుగా ఉన్న మా అమ్మాయి ఫోన్ చేసింది. "నాయనా, పొద్దు బాగా దక్షిణానికి దిగేది డిసెంబరు మూడో వారంలో. సంక్రాంతికి కాదు. ఆడ గోడలు లేస్తాండాయంటివే, ఇప్పుడే తీసెయ్."

"మనింటి లెక్క అది కాదుమ్మా."

"లెక్క మనింటిదే. పొద్దు మనింటిది కాదు గదా నాయనా."

డిసెంబరులో నీడ ఆ గీతను నాలుగు వేళ్లు దాటిపోవడం చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఆ ఏడు కూడా చూసి, కెమెరా బయటికి తీయకుండానే కిందికి దిగాను.

పండగకు నాలుగు రోజుల ముందు స్టాండు బిగిస్తుంటే పక్కింటి గోడ కడుతున్న మేస్త్రీ పలకరించాడు.

"ఏం సామీ, పొద్దుకు కాపలా కాస్తాండారా?"

ఫొటో సంగతి చెప్పాను.

"ఈ గోడ అడ్డమొస్తాది గదా. పైన పలకలేసి ఉండాయి, ఎక్కి తీసుకోండి. ఓనరు ఏమనడులే."

మా వాళ్లు పొద్దు చూడడానికి ఒకరి గోడ ఎక్కలేదన్నాను.

"అయితే గోడనే దిగమని చెప్పండి సామీ," అని మళ్లీ తాపీ అందుకున్నాడు.

పండగ నాడు తీసిన నా ఫొటోలో సూర్యోదయం లేదు, అస్తమయం లేదు. సూర్యుడు పది గంటలకు గోడ పైకి వచ్చి, రెండున్నరకు మళ్లీ గోడ వెనక్కి పోయాడు. మధ్యలో వంపుగా ఇరవై ఏడు చుక్కలు.

కొన్ని వారాలు పని ఆపమని పక్కింటాయనను అడిగి ఉండవచ్చు. నోరు రాలేదు. ఆ ఆరు సెంట్ల స్థలం, మా పశువుల కొట్టంతో సహా, ఆయనకు నేను అమ్మిందే.