హుఫూఫ్ మెంతి మడిలో తెల్లటి పొర

సుధాకరన్నా, బాగున్నావా? జుబైల్‌లో మీ క్యాంపు వెనక ఆకుకూరలు వేసే ముందు హుఫూఫ్ తోట చూసొస్తానన్నావు, వివరాలు రాయమన్నావు. నెలన్నర ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. మల్లన్న మడి బతికిందో లేదో తేలకుండా రాయబుద్ధి కాలేదు.

ఇక్కడ దమ్మాంలో నా కూరగాయల కొట్టుకి మెంతికూర పంపేది ఆ హుఫూఫ్ తోటలో పనిచేసే జగిత్యాల మల్లన్నే. ఆకు అంచులు మాడిపోతున్నాయని, ఇలాగే ఉంటే కఫీల్, అంటే అతన్ని పనికి పెట్టుకున్న అరబ్బు యజమాని, మడి దున్నించి పశువుల గడ్డి వేయిస్తాడని, తనను మేకల దొడ్డికి పంపేస్తాడని ఫోన్ చేశాడు. ఎరువు చాలలేదని నేనే తేల్చేసి, యూరియా బస్తా కొని, శుక్రవారం పొద్దున ఆరింటికి వ్యాన్ తీశాను. రెండు గంటల దారి, రానుపోను పెట్రోలు డెబ్బై రియాళ్లు. ఊరు దాటాక ఖర్జూర తోటల మధ్య దారులన్నీ ఒకేలా ఉంటాయి. లొకేషన్ ముందే తెప్పించుకో.

"వచ్చినవా సేటూ! చాయ్ తాగుతవా, ముందుగాల నా ఏడుపు జూస్తవా?" అన్నాడు మల్లన్న.

"ఏడుపెందుకు, మందు తెచ్చాగా!" అని బస్తా దించి విప్పాను.

మల్లన్న గుప్పెడు తీశాడో లేదో, కఫీల్ అబూ సాలిం వచ్చి "లా, లా!" వద్దు వద్దంటూ చెయ్యి పట్టుకున్నాడు. మడి మీద తెల్లటి పొర గీకి, నాలుక్కి రాసుకుని, వేలు నా వైపు చాచాడు. నేనూ కాస్త గీకి రుచి చూశాను. ఉప్పు!

"రోజూ ఎన్ని నీళ్లు పెడతావు?" వచ్చీరాని ఉర్దూలో అడిగాడు ముసలాయన.

మల్లన్న చేత్తో చిలకరించి చూపించాడు. "మా ఊర్ల బోర్లు ఎండిపాయె గదా సేటూ, చెంబెడు నీళ్లు పారబోయాలన్నా పానం ఒప్పది" అని నాతో గొణిగాడు.

అదీ సంగతి, ముసలాయనే విడమరిచి చెప్పాడు. ఇక్కడి బావి నీళ్లలోనే ఉప్పుంది. పైపైన తడిపితే నీరు ఆవిరైపోయి ఉప్పు మిగులుతుంది. దాని మీద యూరియా వేస్తే వేళ్లు ఇంకా మాడతాయి. మడి నిండా ఒక్కసారి నీళ్లు పెట్టి, ఉప్పును కిందికి కడిగి, మురుగు కాలవలోకి పోనివ్వాలి.

"ఒక్క పంట చూస్తా. కుదరకపోతే మేకలే" అన్నాడు అబూ సాలిం.

"గట్లయితే ఈ సేటును గూడ నా ఎంబడి తోలు" అన్నాడు మల్లన్న. నేను ఉర్దూలో చెప్పగానే ముసలాయన పకపకా నవ్వాడు.

మధ్యాహ్నం దాకా పొర గీకి బయట పోసి, నేల గుల్ల చేసి, మోటారు వేశాం. మల్లన్న మాటిమాటికీ ఆపబోతే నేనే అడ్డం పడ్డాను. "గిన్ని నీళ్లు గిట్ల పారుతుంటే భయమైతాంది సేటూ" అన్నాడు. ఆ తర్వాత బాగా మాగిన పేడ, ఖర్జూర మట్టల ఎరువు కలిపి మళ్లీ విత్తాడు.

ఇన్నేళ్లుగా ఆకు అమ్ముతున్నా, ఆకు మాడితే అది ఆకలే అనుకున్నాను. నేల బాగోలేకపోతే తిండి పెట్టినా మొక్క తినలేదని ఆ రోజే తెలిసింది. నిన్న కట్టలొచ్చాయి, అంచుల దాకా పచ్చగా. మల్లన్న మడి నిలిచింది, పక్క మడి కూడా అతనికే ఇచ్చాడు కఫీల్.

నువ్వు మాత్రం ఎరువు కొనే ముందు నీళ్లలో, మట్టిలో ఉప్పెంతో పరీక్ష చేయించు. నీరు బయటికి పోయే దారి లేకపోతే మడి నింపకు. హుఫూఫ్‌కి ఇద్దరం కలిసే వెళ్దాం. వచ్చే శుక్రవారం ఖాళీయేనా, ఎప్పుడు కలుద్దాం?