డెల్టాలో వాలు

ఇది మహాకావ్యం. ఇందులో ఒక వీరనారి, ఒక యుద్ధం, ఒక మహానది ఉన్నాయి. నిజం చెప్పాలంటే వీరనారి లెక్కల టీచరు, యుద్ధం ఎనిమిదో తరగతితో, మహానది బందరు కాలవ. నేను బస్సులో ఆవిడ పక్క సీటు.

ఆవిడ ఒళ్ళో చార్టు పెట్టుకుని, దాని మీది కొండ బొమ్మను దిగులుగా చూస్తూ కూర్చుంది. అడక్కుండానే చెప్పింది. "వాలు పాఠం ఇవాళ మళ్ళీ చెప్పాలండీ. నిన్న ఒక్కరికీ ఎక్కలేదు. పెరిగిన ఎత్తుని వెళ్ళిన దూరంతో భాగించమంటే, అందరూ తిరగేసి దూరాన్నే పైన వేశారు."

"డెల్టా పిల్లలు కదండీ, దూరం తప్ప ఎత్తెక్కడ చూశారు? మన దగ్గర వాలు సున్నా అని చెప్పి బెల్లు కొట్టించేయండి," అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "ఇవాళ కూడా అర్థం కాకపోతే, లెక్కలు మాకు రావని వాళ్ళే తేల్చేసుకుంటారండీ."

నా జోకు వెనక్కి తీసుకున్నాను. ఇది అరుదు.

కంకిపాడు దగ్గర కాలవ కనిపించింది. "సున్నా అయితే ఈ నీళ్ళు బందరు ఎలా వెళ్తున్నాయండీ?" అని నన్నడిగి, తనే ఆగిపోయింది. కొండ బొమ్మను చుట్టేసింది. అరచెయ్యి చదునుగా చాపి, వేళ్ళ కొసల్ని కనీకనిపించనంత కిందికి వంచింది. "పిల్లల్ని గట్టు మీదికే తీసుకెళ్తా," అంటూ దిగిపోయింది.

వాళ్ళకు అర్థమైందో లేదో నాకు తెలీదు. ఆ దారిన వెళ్తే మాత్రం ఇప్పటికీ కాలవకేసి చూస్తూ కూర్చుంటాను. దానికి కిటికీ సీటు కావాలి. కిటికీ సీటు కావాలంటే బస్టాండులోనే ఎక్కాలి; దారి మధ్యలో బెంజ్ సర్కిల్లో ఎక్కితే నిలబడాల్సిందే.