కుళాయి అడుగున స్క్రూ

కళ్లజోళ్ల దుకాణం నడిపే ఆ పెద్దమనిషికి రోజంతా చీమ తలకాయంత స్క్రూలతోనే పని. ఊరందరి చూపూ సరిచేస్తాడు. ఇంటికొస్తే మాత్రం ముక్కు మీద కోపం తప్ప మరేమీ కనపడదు మహానుభావుడికి.

టబ్బు కుళాయి పాడైంది. తిప్పితే సగం నీళ్లు టబ్బులో పడతాయి, సగం కుళాయి వెనకనుంచి గోడ పట్టుకుని జారతాయి. ఇంకోడైతే మార్పించుకుని ఊరుకునేవాడు. ఈయనకి తల తీసేసినట్టయింది. ఎందుకంటే, ఇల్లు కట్టుకున్న కొత్తలో, భోజనానికొచ్చిన పదిమంది ముందూ ఆయన బావమరిది ఈ కుళాయినే తట్టి చూసి, "నాసిరకం అంటగట్టారు బావా, త్వరలోనే కారుతుంది" అన్నాడు. బావమరిది ప్లంబరు. అతని తండ్రీ ప్లంబరే. అన్నది నిజం. అదే కదా తప్పు! "మళ్లీ నా గడప తొక్కావంటే మర్యాద దక్కదు" అని అరిచి వెళ్లగొట్టాడు.

ఆనాటినుంచీ ఆయన భార్య తన తమ్ముణ్ణి బస్టాపులో కలుసుకుంటోంది. బెంచీ మీద పక్కపక్కన కూర్చుని, బస్సొచ్చేదాకా దొంగల్లా మాట్లాడుకోవడం. సొంత తమ్ముడికి ఇంట్లో ఇన్ని టీనీళ్లు పోసే రాత లేదు. వాణ్ణి ఒక్కసారి ఈ ఇంట్లో కూర్చోబెట్టాలి, అంతే.

"మా తమ్ముణ్ణి పిలుద్దామండీ."

"వాడి ఊసెత్తకు! బోడి కుళాయి మార్చడం నాకు రాదా?"

కొత్త కుళాయీ, అరువు తెచ్చిన పైపు రెంచీ పుచ్చుకుని టబ్బులోకి దిగాడు. ఆవిడ గుమ్మానికి ఆనుకుని నిలబడింది. చిన్నప్పుడు తండ్రి సంచీ మోస్తూ ఇలాంటివి ఎన్ని విప్పలేదు! ఈ రకానికి అడుగున బుల్లి స్క్రూ ఉంటుంది. అది వదులు చేస్తే కుళాయి దానంతటదే చేతిలోకొస్తుంది. బలవంతంగా తిప్పితే లోపలి రాగి గొట్టం తెగుతుంది. చెబుదామని నోరు తెరిచింది కూడా.

"అలా గుడ్లప్పగించి చూడకపోతే టార్చి పట్టుకోవచ్చుగా! మీ పుట్టింటివాళ్లకి నోరే గాని చేతులుండవు."

ఆవిడ నోరు మూసుకుంది. టార్చి తీసుకుని కుళాయి పైభాగం మీదికి పట్టింది. అడుగుకి వెలుతురు పోనివ్వలేదు.

ఆయన పళ్లు బిగించి తిప్పాడు. గోడలో ఏదో కటుక్కుమంది. "చూశావా, వచ్చేసింది!" అని కొత్తది తగిలించి నీళ్లు వదిలాడు. టబ్బులో చుక్క పడలేదు. గోడలోపల బుడబుడమంటోంది. కంగారుగా కట్టేయబోతే పిడి ఊడి చేతికొచ్చింది. ఇంతలో కింద వాటా ఆవిడ తడిసిన తలతో మెట్లెక్కి వచ్చి నోటికొచ్చినట్టు తిట్టిపోసింది. ఇంటి మొత్తానికీ నీళ్లు ఆపితే గాని వరద ఆగలేదు. సెలవురోజాయె, ప్లంబరన్నవాడెవడూ ఫోనెత్తలేదు.

"పిలువు మీవాణ్ణి" అన్నాడు చివరికి, గోడకేసి చూస్తూ.

ఆవిడ ఫోను స్పీకరులో పెట్టి సంగతి చెప్పింది.

"అదేంటక్కా! అడుగున స్క్రూ ఉంటుందని బావకి చెప్పలేదా? నాకంటే నీకే బాగా తెలుసుగా!"

ఆయన తల తిప్పాడు. "నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసి తెలిసి నా కొంప ముంచావా?"

"ముంచాను. వాడు రావాలని ముంచాను."

ఫోనులోంచి తమ్ముడన్నాడు, "నేను రానక్కా. బావ వద్దన్నాడుగా."

ఆవిడ ఫోను మొగుడి చేతిలో పెట్టింది. "రావద్దన్నది మీరు. రమ్మనేదీ మీరే."

మెట్ల మీద కింద వాటా ఆవిడ అడుగులు మళ్లీ వినపడ్డాయి.

"రా" అన్నాడు ఆయన.

"వినపడలేదు బావా."

"ఇంటికి రావయ్యా!"

ఆవిడ గబగబా వంటింట్లోకి వెళ్లింది. తమ్ముడొచ్చేసరికి టీ మరగాలని గిన్నె తీసి కుళాయి తిప్పింది. చుక్క నీళ్లు రాలేదు.