కానుగాకు నీళ్లు, ఎర్రమట్టి

పంతొమ్మిదివందల ఎనభై రెండు, ఆషాఢమాసం ఆఖరి గురువారం, పగలు మూడుంబావు. మదనపల్లెలో మా కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో నేను గెలిచాను. ఆ మాట చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు.

నేను ఆ ల్యాబు ఊడ్చేదాన్ని. నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. అది చూసి లెక్చరర్ నాచేత చీపురు మాన్పించి, సీసాలు కడిగి చీటీలు అంటించే పని ఇచ్చాడు. ఆయన పరిశోధన థోరియం మీద. పెట్రోమాక్స్ మ్యాంటిల్‌కు పూస్తారే, అదే. కంటికి కనపడని కిరణాలు చిమ్మే లోహం. నీళ్లలో కలిపితే మన ఎర్రమట్టి దాన్ని పట్టుకుంటుందా లేదా అన్నది ఆయన ప్రశ్న. మట్టి కుప్పం నుంచి తనే తెచ్చుకున్నాడు. నీళ్లు పుంగనూరు దగ్గర మా పుట్టింటి బావి నుంచి నన్ను తెమ్మన్నాడు.

రెండు క్యాన్లు తెచ్చాను. రెండింటి మీదా 'బావి నీళ్లు' అని రాసి అంటించాను.

మొదటి క్యాను నీళ్లలో లోహమంతా మట్టికి అతుక్కుంది. వడగట్టిన నీళ్లను పళ్లెంలో ఆరబెట్టి కిరణం తగిలినప్పుడల్లా టిక్కుమనే గీగర్ పెట్టె కింద పెడితే ఎప్పుడో ఒక టిక్కు. రెండో క్యానుకు మాత్రం పెట్టె ఆగకుండా కొట్టుకుంది. లోహం నీళ్లలోనే ఉండిపోయింది.

"వేరే నీళ్లకు బావి నీళ్ల చీటీ అంటించినావమ్మా. నీకింకా అక్షరాలు కుదరలా. మళ్లా చీపురే పట్టుకో," అన్నాడు సార్.

"చీటీలు సరిగ్గానే రాసినా సార్."

"అట్లయితే ఒకే బావి నీళ్లు రెండు తీర్లుగా యాల ఉండాయి?"

ఇంటికి పోయి ఆలోచిస్తే తట్టింది. మొదటి క్యాను బావిలో ముంచాను. మోకాళ్లు నొప్పులని, రెండోది మడిలో ముంచాను. మడికి పారేవి బావి నీళ్లే కదా! మా ఊళ్లో ఎవరిని అడిగినా బావి నీళ్లనే అంటారు. కానీ ఆ మడిలో మా వదిన ఎరువుకని కానుగాకు తొక్కించి వారమైంది. ఆకు కుళ్లి నీళ్లు టీ రంగుకు తిరిగాయి. సార్ అది మట్టి రంగనుకున్నాడు.

మరునాడే చెప్పాను. నీళ్లు తెచ్చిన తప్పు నాది, రాత తప్పు కాదు.

పక్కనున్న టైపిస్టు నవ్వాడు. "కానుగపుల్లతో పండ్లు తోముకుంటారు గానీ పరిశోధన జేస్తారా యాడన్నా?"

"నీ పండ్లు సూస్తే అదీ జేసినట్టు లేదప్పా," అన్నాను.

ఈసారి ఒకే బావి నీళ్లు తెచ్చి రెండు భాగాలు చేశాను. ఒక దాంట్లో కానుగాకు పదిరోజులు కుళ్లబెట్టి, గుడ్డతో వడగట్టాను. అదే మట్టి, అంతే థోరియం. చీటీలు నేనే రాశాను, ఒత్తులతో సహా.

సార్ మొదట ఉత్త నీళ్ల పళ్లెం పెట్టాడు. పెట్టె దాదాపు మూగగా ఉంది. తర్వాత కానుగాకు నీళ్లది పెట్టాడు. రేకుల ఇంటి మీద వడగళ్లు పడ్డట్టు మోగింది.

"ఆకు రసం లోహాన్ని పట్టేసుకుంటాది," అన్నాడు సార్ మెల్లగా. "మట్టికి దక్కనీకుండా నీళ్లల్లోనే నిలబెడతాండాది. నేను మట్టినే సూస్తాంటి, ఆకును ఇడిసిపెట్టినా."

"మరి నా అక్షరాలు?"

"బంగారట్లా ఉండాయి తల్లీ. ఇంక ఈ ల్యాబులో ప్రతి చీటీ నువ్వే రాయాల."

అప్పుడు అక్కడ ఉన్నవాళ్లం: లెక్చరర్ సార్, మూతి ముడుచుకున్న టైపిస్టు, చప్పుడు విని గుమ్మంలోకి వచ్చిన ప్రిన్సిపాల్, పదిరోజుల కింద గోనెసంచిలో కానుగాకు మోసుకొచ్చి, ఫలితం చూడాల్సిందేనని పట్టుబట్టి ఆ రోజు మళ్లీ బస్సెక్కి వచ్చిన మా వదిన, నేను.