గోడ మీది మరియమ్మ ఏడ్పు

నేను టీచరుగా రిటైరైన ఏడాది, కట్టంగూరు దగ్గరి మా ఊరి చర్చి గోడ మీద, చనిపోయిన క్రీస్తును ఒడిలో పెట్టుకున్న మరియమ్మ బొమ్మ వేయించాం. పెయింటర్ ఆమెను మా చావు ఇళ్లలో ఆడవాళ్లలాగే నోరు తెరిచి, జుట్టు విరబోసుకొని ఏడుస్తున్నట్టు గీశాడు.

“దేవుని తల్లి గిట్ల బొబ్బలు పెడ్తదా? ఇజ్జత్ పోతది. నోరు మూసినట్టు దిద్దు” అన్నాడు సంఘపెద్ద. పెయింటర్ కుంచె ఎత్తాడు.

చర్చి ఊడుస్తున్న సాయమ్మ చీపురు విసిరికొట్టింది. అంతకుముందు నెలలోనే ఆమె కొడుకు లారీ కింద పడి చనిపోయాడు.

“కొడుకు సచ్చినంక నోరు మూసుకొని ఎవతి ఏడుస్తది పెద్దయ్యా? నువ్వేమన్న కన్నవా?”

“గీ ముసల్దాన్ని బయటికి తోలుండ్రి!”

నాకు ఒళ్లు మండింది. పెయింట్ డబ్బా లాక్కొని బయట పారబోశాను.

బొమ్మ అట్లాగే ఉంది. సంఘపెద్ద ఇప్పటికీ నాతో మాట్లాడడు. కన్నతల్లి ఏడుపుకు మర్యాద నేర్పేవాడితో నాకూ మాటలక్కర్లేదు.