సాక్ష్యం చెప్పిన శుక్రవారం

బహ్రెయిన్‌లో నా ఉద్యోగం ప్రెషర్ గేజులను సరిచూడటం. ఫ్యాక్టరీల నుంచి వచ్చిన ప్రతి గేజునూ నాలుగు గంటలు ఏసీ గదిలో ఉంచుతాం. గది ఉష్ణోగ్రతకు వచ్చాక మా ప్రామాణిక పరికరంతో పోల్చి, ఎంత తేడా చూపుతోందో రాస్తాం. వచ్చిన రెండు గేజులను ఒకదానితో ఒకటి పోల్చడం మాకు నిషిద్ధం. రెండూ తప్పు చూపుతూ ఉండవచ్చు. అప్పుడు ఏది ఎంత తప్పో ఎవరికీ తెలియదు. పద్నాలుగేళ్లలో పనిగదిలో ఈ నియమాన్ని ఒక్కసారి కూడా మీరలేదు.

పనిగది బయట నన్ను నేను ఒకే మనిషితో పోల్చుకునేవాణ్ణి. అతను పాలిటెక్నిక్‌లో మూడేళ్లు నా పక్కన కూర్చున్నాడు. నేను పంపిన ఉద్యోగ ప్రకటన చూసి, నా తర్వాత ఎనిమిది నెలలకు ఇక్కడికి వచ్చాడు. వేరే కంపెనీలో చేరి ఐదేళ్లలో ఇంజినీరయ్యాడు. రిఫాలో ఫ్లాటు తీసుకుని భార్యను, పిల్లలను తెచ్చుకున్నాడు. నేను నువైద్రాత్‌లో మరో ముగ్గురితో ఒకే గదిలో, టెక్నీషియన్‌గానే ఉన్నాను. ఇంజినీరు హోదా ఉంటే తప్ప కుటుంబ వీసాకు ఉత్తరం ఇవ్వరాదని మా కంపెనీ నియమం.

"నీ రికార్డు చూసి రాసి పాసైనోణ్ణిరా నేను. రాసినోడివి నువ్వింకా ఆ గదిలో ఏం చేస్తున్నావ్?" అనేవాడు, భుజం మీద చెయ్యి వేసి. అందులో ఎగతాళి పాలు ఎంతో, ప్రేమ పాలు ఎంతో విడదీయడానికి గదికి వెళ్లాక కూడా ప్రయత్నించేవాణ్ణి.

శుక్రవారం ఉదయం మా తెలుగు సహవాసం ఒక అద్దె హాల్లో కూడుతుంది. ఆరాధన క్రమంలో రెండు వేరు వేరు ఘట్టాలున్నాయి. ముందు ప్రార్థన మనవులు: ఇంకా జరగనివాటిని చీటీ మీద రాసిస్తే పాస్టరు గారు చదువుతారు. వాక్యం అయ్యాక సాక్ష్యాలు: జరిగిన మేలును, పొందినవాళ్లే లేచి, మైకులో చెప్పి దేవునికి కృతజ్ఞత తెలపాలి. ఈ రెంటినీ ఎవరూ కలపరు.

రెండేళ్ల కిందట, మార్చిలో ఒక గురువారం, మా మేనేజరు నా ప్రమోషన్ గురించి "ఇన్షా అల్లా, వచ్చే వారం" అన్నాడు. మర్నాడు చీటీ రాసుకుని వెళ్లాను. దాన్ని పాస్టరు గారికి ఇచ్చేలోపే ముందు వరుసలో అతను కనిపించాడు. నా అవసరం అతని ఎదుట చదవబడటం ఇష్టంలేక, చీటీ జేబులోనే ఉంచుకున్నాను. సాక్ష్యాల వేళ అతను లేచి, తనను డిపార్ట్‌మెంటుకు అధిపతిని చేశారని చెప్పాడు. హాలంతా హల్లెలూయ అంది. ముందు వరుసకు పోకుండా, వెనక నా పక్కనున్న ఖాళీ కుర్చీలో కూర్చుని, మోచేత్తో పొడిచాడు.

"నీదెప్పుడ్రా?"

నేను లేచి మైకు తీసుకున్నాను. దేవుడు నాకు ప్రమోషన్ ఇచ్చాడనీ, జూన్‌లో నా భార్య, కూతురు ఇక్కడికి వస్తున్నారనీ చెప్పాను.

మా ఆరాధన ఫోన్లో ప్రత్యక్షంగా ప్రసారమవుతుంది. మాకు పదింబావు, కాకినాడలో ఒంటిగంటకు పావుగంట తక్కువ. మా ఆవిడ పనిచేసే బడిలో అది భోజన విరామం.

సాయంత్రం ఏడింటికి, అక్కడి సమయం ప్రకారం, ఫోన్ చేసింది. "పెళ్లానికి చెప్పకుండా ముందు మైకులో చెప్తారా ఎవరైనా! స్టాఫ్‌రూమంతా చప్పట్లేనండి. పార్టీ ఇవ్వాల్సిందేనంటున్నారు" అని నవ్వింది. వచ్చే ఏడాది బడిలో కొనసాగేదీ లేనిదీ సోమవారం ఉదయానికల్లా చెప్పమన్నారట. "రాజీనామా ఇచ్చేస్తాను."

"తొందరెందుకు, కాగితాలు రానీ."

"పన్నెండేళ్లు ఆగానండీ. ఇది తొందరంటారా?"

సోమవారం తొమ్మిదింటికి ఇంకా అరవై రెండు గంటలున్నాయి. ఆ అరవై రెండు గంటల్లో ఎప్పుడైనా సరే, ఒక్క వాక్యంతో ఆమె ఉద్యోగం నిలబడేది. ఆమెకు చెబితే, రోజూ ఆమెతో ఫోన్లో మాట్లాడే అతని భార్యకు తెలుస్తుంది. సాయంత్రానికల్లా రిఫాలోని ఆ ఇంట్లో నేను అబద్ధికుణ్ణి అవుతాను. అందుకని చెప్పలేదు. వేరే కారణం లేదు.

తర్వాతి గురువారం మేనేజరు తల అడ్డంగా ఊపాడు. "ఖలాస్ భాయ్. ఈ ఏడాది కొత్త పోస్టుల్లేవు."

ఇంటికి ఫోన్ చేసి చెప్పాను. "మరి సాక్ష్యం?" అంది. "తొందరపడ్డాను" అన్నాను. అప్పటికే బడివాళ్లు ఆమె స్థానంలో వేరొకరిని తీసుకున్నారు. ఆమెకు బస్సులో యాభై నిమిషాల దూరంలోని ఇంకో బడిలో, చిన్న తరగతులకు పని దొరికింది. అమ్మాయి కూడా తల్లితోపాటే బడి మారింది; స్నేహితులంతా పాత బడిలోనే ఉండిపోయారు. అతను మాత్రం నా గదికి వచ్చి, మంచం అంచున కూర్చుని, "నాతో అయినా ఒక్క మాట అనాల్సిందిరా" అన్నాడు. ఎగతాళి లేదు. దానికోసం వెతికినా దొరకలేదు.

పోల్చుకోవడం నేను మానలేదు, అదే ఆగిపోయింది. అతని పెద్దమ్మాయికీ మా అమ్మాయికీ పదకొండు రోజులే తేడా. వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా ఆ పిల్ల తల తలుపు గడియకు ఎంత ఎత్తులో ఉందో చూసి, మా పిల్ల ఎంత పెరిగి ఉంటుందో లెక్కకట్టేవాణ్ణి. మొన్న ఈస్టర్‌కు ఆ పిల్లే తలుపు తీసింది. గడియను చూశాను, పిల్లను చూశాను, ఏ అంకె కూడా తట్టలేదు. ఫోన్లో మా అమ్మాయి భుజాల వరకే కనబడుతుంది; అదీ ఈమధ్య ఎదుటికి రావడం లేదు. లోపలికి వెళ్లి భోంచేశాను. వాళ్ల పరదాలు, కారు, అతని హోదా, దేనివల్లా నాకేమీ అనిపించలేదు. ఇలా ఏమీ అనిపించకూడదని నేను ఏళ్ల తరబడి ప్రార్థించాను. వచ్చాక చూస్తే, ఆకలి చచ్చినవాడు విస్తరి ముందు కూర్చున్నట్టుంది.

ఆ తర్వాత నెలకు ప్రమోషన్ నిజంగానే వచ్చింది. కుటుంబ వీసాకు కంపెనీ ఉత్తరం చేతికి వచ్చాకే ఇంటికి ఫోన్ చేశాను.

"మంచిదండి" అంది. తర్వాత, "ఎవరికైనా చెప్పారా?"

"లేదు. ముందు నీకే."

"అమ్మాయిది తొమ్మిదో తరగతండీ. ఈ బడిలో కుదురుకోవడానికే రెండేళ్లు పట్టింది దానికి. నేను మళ్లీ రాజీనామా రాయలేను."

"ఉత్తరం ఫోటో పంపనా? ముద్ర కూడా ఉంది."

"ఎందుకండీ, మీరు అబద్ధమాడుతున్నారని అనుకోవట్లేదు." అలా అన్నాక ఆమె గొంతు మామూలైంది. "ఇంకా ముప్పై పేపర్లున్నాయి, దిద్దాలి. ఉంటానండీ."

ఆ ఉత్తరం మూడు నెలలు చెల్లుతుంది. ఈ రోజుకు రెండు నెలల పంతొమ్మిది రోజులయ్యాయి.