తడి తాళంచెవి రుచి

"రుచి టీలో ఉంటుందా, నీ నోట్లో ఉంటుందా?"

పిల్లనిస్తాననో ఇవ్వననో తేల్చకముందే మామగారు అడిగిన మొదటి ప్రశ్న ఇది. జీతమెంత, సొంతిల్లుందా, సిగరెట్టు అలవాటుందా, ఇవేవీ ఆయనకి పట్టలేదు. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఎవరైనా ఓ మాటంటే దాన్ని నిలువునా కోసి, ఇందులో ఏ ముక్క నిజమో చెప్పమనకపోతే ఆయనకి తిన్నది అరగదు.

కుర్చీ అంచున ఒదిగి కూచున్న అబ్బాయి టీ కంపెనీలో రుచులు చూసే ఉద్యోగి. తడుముకోలేదు. "టీలోనేనండీ. నోట్లోనే ఉంటే పొద్దస్తమానం ఖాళీ నోరు చప్పరించి జీతం పుచ్చుకునేవాణ్ణి కదా!"

మామగారు పకపకా నవ్వి పెద్దకూతుర్నిచ్చారు. అప్పట్నుంచీ ఆ ఇంట్లో అతను పెద్దల్లుడు. కంపెనీలో మాత్రం అందరూ "నాలుక" అనేవాళ్ళు, వెనకాల కాదు, ఎదురుగానే. ఆ పేరంటే అతనికి ప్రాణం.

కొన్నేళ్ళకి రెండోకూతురికి సంబంధం వచ్చింది. అదే గది, అదే కుర్చీ, అదే ప్రశ్న. ఈ అబ్బాయి కాస్త ఆలోచించాడు. "చేదు అనే మాట రాకముందు పసివాడికి మొహం చిట్లించడమే తెలుసు మామయ్యగారూ. మాట దొరికాకే రుచి దొరుకుతుంది," అన్నాడు. మామగారు నవ్వలేదు. బల్ల మీద ఫట్‌మని చరిచి, "ఏదీ, మళ్ళీ అను!" అన్నారు.

పక్కనే ఉన్న పెద్దల్లుడు ఆ చప్పుడు మనసులో పెట్టుకున్నాడు. తనకి దక్కింది నవ్వు, వీడికి దక్కింది బల్ల చరుపు. అసూయకి పెద్ద కారణాలు కావాలనుకునేవాళ్ళు తోడల్లుళ్ళని ఎప్పుడూ దగ్గర్నుంచి చూసి ఉండరు.

పోనీ, ఆ చిన్నల్లుణ్ణి టీ కంపెనీలో పెట్టించిందెవరు? ఈయనే. మామగారు అడిగారు, భార్య అడిగింది, కాదంటే కుళ్ళుబోతంటారు. "నాలుక పదునుగానే ఉంది, పనికొస్తాడు," అని యజమానికి తన నోటితోనే చెప్పాడు. అందులో అబద్ధమేమీ లేదు. అదే ఇంకా మంట.

రుచిగదికి ఎండ నేరుగా పడని కిటికీ ఒకటుంది. దాని కింద పొడుగాటి బల్ల, బల్ల మీద వరసగా తెల్ల కప్పులు, ఒక్కో కప్పు వెనక దాని తాలూకు పొడి, నానిన ఆకు. చెంచాతో తీసుకుని జుర్రుమని గాలితో సహా పీల్చాలి, నోరంతా తిప్పాలి, చక్రాల తొట్టిలో ఉమ్మాలి, ఆ తొట్టిని కాలితో తోసుకుంటూ తర్వాతి కప్పుకి జరగాలి. ఇంట్లో అలా జుర్రితే అమ్మ మొట్టికాయ వేస్తుంది. ఇక్కడ దానికే జీతం.

ఆ గదిలో ఓ నియమం ఉంది. చివరి కప్పు అయ్యేదాకా ఎవరూ నోరు విప్పరాదు. విప్పేటప్పుడు హోదాలో అందరికన్నా చిన్నవాడు ముందు చెప్పాలి, పెద్దవాడు తర్వాత. పెద్దవాడు ముందంటే చిన్నవాళ్ళు దానికే తలూపుతారని వెనకటికెవరో పెట్టారు. చిన్నవాడి మాటకి పెద్దవాళ్ళు తలూపుతారేమోనని మాత్రం ఆ మహానుభావుడికి తట్టలేదు.

చిన్నల్లుడు రాకముందు అంతా సాఫీగానే నడిచింది. ఎవరేమన్నా "సరే" అనడం తప్ప ఎరగని ఓ పాత ఉద్యోగి ఉండేవాడు, పేరే సరేగారు. ఆయన ముందుగా "బాగానే ఉంది" అనేవాడు. తర్వాత నాలుక తీర్పు చెప్పేవాడు: నిండు, ఘాటు, పలచన. ఆ మూడు మాటలతో ఇన్నేళ్ళు బతికాడు. ఇప్పుడు చిన్నల్లుడు ముందు మాట్లాడుతున్నాడు. "ఎండలో ఆరిన దుప్పటి," అంటాడు ఓ కప్పుకి. "అప్పుడే చెక్కిన పెన్సిలు," అంటాడు ఇంకోదానికి.

"సరే, పెన్సిలే," అంటాడు సరేగారు.

"ఔను సుమా, పెన్సిలే!" అంటాడు వంతుతో పనిలేని యజమాని.

నాలుక వంతు వచ్చేసరికి పెన్సిలు అందరి నోళ్ళలోనూ ఉండేది. ఘోరం ఏమిటంటే, అతని నోట్లో కూడా. ఎంత చప్పరించినా పోయేది కాదు. "అంతే," అని ఊరుకునేవాడు.

ఇలా ఉండగా యజమానికి వయసు మీదపడి వాసనలు తెలియడం తగ్గింది. "ఏ సరుకు కొనాలో ఇకమీద మీ తోడల్లుళ్ళలో ఒకడే నా కుర్చీలో కూచుని చెప్పాలి. ఎవడన్నది ఈసారి కొనుగోళ్ళయ్యాక చెబుతా," అన్నాడు. ఆ రోజునుంచి పెద్దల్లుడికి ఇంట్లో కుర్చీలన్నీ ఆ ఒక్క కుర్చీలాగే కనిపించాయి. అది వీడికి పోతే ఇంక "నాలుక" అని ఎవర్ని పిలుస్తారు?

ఆ కొనుగోళ్ళలో ఓ కొత్త తోట సరుకు వచ్చింది. చిన్నల్లుడు తన వంతు రాగానే, "వాన వెలిశాక తలుపు తీసినట్టుంది," అన్నాడు. యజమాని మురిసిపోయాడు. పెద్దల్లుడు పదేపదే తాగి చూశాడు. వంక పెడదామంటే దొరకలేదు. నిజంగా బాగుంది. తలుపు తీసినట్టే ఉంది, వాడి తలుపే.

డబ్బు కట్టే ముందు ఆఖరి శాంపిలు వచ్చింది. వరసలో ఆ కప్పు దగ్గర పెద్దల్లుడు చెంచాడు జుర్రి, తొట్టి మీదకి వంగి ఉమ్మి, తనలో తాను అనుకున్నట్టుగా, కానీ అందరికీ వినపడేట్టుగా, "తుప్పు," అన్నాడు.

అంతే. ఒక్క మాట. దాని వెనక ఏ రుచీ లేదు, ఒట్టి కడుపుమంట ఉంది.

ఆ గదిలో దాటిపోయిన కప్పు దగ్గరికి వెనక్కి రాకూడదు. మిగతా ముగ్గురూ వచ్చారు. చిన్నల్లుడు చెంచాడు నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. చివరి కప్పయ్యాక నియమం ప్రకారం తనే ముందు చెప్పాడు. "ఏదో ఉంది. అన్నయ్యగారన్నది నిజమే. కాకపోతే ఉత్త తుప్పు కాదు. తడి తాళంచెవి నాలుక మీద పెట్టుకున్నట్టుంది."

"సరే, తాళంచెవే," అన్నాడు సరేగారు.

యజమాని మొహం ముడుచుకున్నాడు. "ఛీ, ఇనుము! ఇన్నాళ్ళూ దీన్నా మెచ్చుకున్నాం?"

సరుకు వెనక్కి పోయింది. ముందుగా పసిగట్టినవాడు నాలుక కాబట్టి కుర్చీ నాలుకకే వచ్చింది. మాట మాత్రం బజారంతా పాకింది. అమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు, దళారీలు, ఎవరి నోట విన్నా తడి తాళంచెవి. "మీ తోడల్లుడిదట కదండీ ఆ మాట! ఎంత బాగా అన్నాడు!" అని అతనికే చెప్పేవాళ్ళు. అబద్ధం తనది, పేరు వాడిది. ఆ ఏడుపు బయటికి ఏడవడానికి కూడా వీల్లేదు.

పైగా మిగిలిన శాంపిలు చాటుగా కాచుకు తాగితే, తాళంచెవి అతనికీ తగిలింది.

ప్రతి ఆదివారం మామగారింట్లో రుచి టీలోనా, నోట్లోనా అని వాదన. ఈ ఆదివారమూ ఎప్పటిలా మొదలైంది. అక్కాచెల్లెళ్ళు ఎప్పటిలా అక్కణ్ణుంచి లేచిపోయారు.

"తుప్పు అందులో ఉంది కాబట్టే మాటొచ్చింది," అన్నాడు పెద్దల్లుడు.

"మాటొచ్చింది కాబట్టే తుప్పొచ్చింది అన్నయ్యా. అంతకుముందు తాగినప్పుడు మీకైనా తగిలిందా?"

"మనం గమనించలేదు. గమనించనంత మాత్రాన లేకుండా పోతుందా?"

"ఎవరూ గమనించని రుచి ఎవరి రుచి?"

మామగారు బల్ల చరిచారు. ఎవరి మాటకో తెలియలేదు గానీ ఆయన చూపు చిన్నల్లుడి వైపుంది.

పెద్దల్లుడి అవస్థ చూడండి. గెలిస్తే తను కల్పించిన తుప్పు నిజమైపోతుంది. ఓడితే తను అబద్ధాలకోరు, ఎవరికీ తెలియకపోయినా. ఇలాంటి చర్చలు పనిలేనివాళ్ళ కాలక్షేపమని కొట్టిపారేసేవాళ్ళు ఆ పూట అతని మొహం చూడాల్సింది.

"ఈ గొడవంతా ఎందుకర్రా? ఆ టీ తెప్పించండి, నేను తాగి చెబుతా," అన్నారు మామగారు.

వెనక్కి పోయిన సరుకు చవగ్గా అమ్ముతున్నారు, కానీ నాలుగు బస్తాలకి తక్కువ ఇవ్వరట. పెద్దల్లుడు నాలుగూ కొన్నాడు. అంత డబ్బు చేతిలో లేకపోతే చిన్నల్లుడే, "నేను సర్దుతా అన్నయ్యా, మెల్లిగా చూసుకుందాం," అన్నాడు. ఆ మంచితనం కూడా ఒళ్ళు మండించింది. మామగారు ఓ గుక్క తాగి, "ఉందర్రా తాళంచెవి!" అని అరిచారు. ఆ మాట అప్పటికే చెవిన పడ్డ మనిషి సాక్ష్యం దేనికి పనికొస్తుంది?

మిగిలింది భార్య. ఆవిడ ఆ వాదనలు ఏనాడూ వినలేదు. ఇంటికెళ్ళి కాచిచ్చాడు.

"ఎలా ఉంది?"

"టీలా ఉంది."

"ఇంకా?"

"వేడిగా ఉంది."

"చివర్లో ఏదైనా తగులుతోందా?"

"తగలడానికేముంది, ఈగ గానీ పడిందా?" ఆవిడ కప్పు కింద పెట్టి మొగుడి మొహంలోకి చూసింది. "ఏంటండీ, దొంగని అడిగినట్టు అడుగుతున్నారు? దీన్ని మరిదిగారు ఏమన్నారేంటి?"

"వాడి ఊసు ఇప్పుడెందుకు?"

"ఎందుకా? మీరు టీ తాగడం మానేసి చాలా కాలమైంది. మరిదిగారినే తాగుతున్నారు."

అతను తన కప్పు ఎత్తాడు. తాళంచెవి నాలుక మీదే ఉంది. ఎదురుగా ఆవిడ హాయిగా తాగుతోంది.

మర్నాడు చిన్నల్లుడింటికి వెళ్ళాడు. వాడు కారుతున్న కుళాయి విప్పి కూచున్నాడు.

"ఆ తుప్పు నేను కల్పించానోయ్. తోట టీలో ఏమీ లేదు. నీ మీద కుళ్ళుతో అన్నాను."

చిన్నల్లుడు పైకి చూశాడు. నవ్వబోయి మానేశాడు. "అన్నయ్యా, తాళంచెవి మాటకి నాకు పేరొచ్చిందని మీకు కష్టంగా ఉంటే సూటిగా అనండి, పడతాను. లేదనడం మాత్రం బాగోలేదు. నా నాలుకకి తగిలింది."

"మాటొస్తే రుచొస్తుందని నువ్వే కదా అంటావు!"

"అది ఆదివారం మాట. ఇది ఉద్యోగం. లేని తుప్పు ఉందని చెప్పేంత వెర్రివాణ్ణా నేను?"

నిజం చెప్పినా వీడి మాటే నెగ్గింది. పెద్దల్లుడు అక్కణ్ణుంచి యజమాని దగ్గరికి వెళ్ళి, ఆ తోట సరుకు బాగుంది, మళ్ళీ తెప్పిద్దామన్నాడు. "తాళంచెవి తోటా? వద్దయ్యా బాబూ," అన్నాడు యజమాని. "నువ్వే కదా కాపాడావు!"

ఆ తర్వాత నాలుక చేసిన మొదటి మార్పు, గదిలో పెద్దవాడే ముందు మాట్లాడాలని. అతను "నిండు" అంటాడు. సరేగారు సరే అంటాడు. చిన్నల్లుడు చెంచా తుడుచుకుంటూ ఏమీ అనడు, పెదవి చివర చిన్నగా నవ్వుతాడు. ఆ అనని మాటేమిటోనని పెద్దల్లుడు రోజంతా నమిలి చస్తాడు.

బస్తాల్లో ఒకటి విప్పారు, మూడు మెట్ల కింద ఉన్నాయి. ఇంటికొచ్చినవాళ్ళకి భార్య ఆ టీనే ఇస్తుంది, అందరూ బాగుందంటారు. నాలుగు బస్తాలకీ చిన్నల్లుడు సర్దిన డబ్బులో సగం పెద్దల్లుడు తీర్చాడు, మిగతా సగం ఇంకా బాకీ.